బరంపురంలో ఎక్కిన పెట్టె

రాత్రి పది దాటాక చదవకూడని పుస్తకాలేవో ఎవరైనా జాబితా రాస్తే అందులో దెయ్యాల నవలలుంటాయి, డిటెక్టివ్ నవలలుంటాయి. లా రిపోర్టు మాత్రం ఉండదు. ఉండాలి. ఆలిండియా రిపోర్టర్ 1939 సంపుటం తీసి, ప్రివీ కౌన్సిల్ భాగంలో 47వ పేజీ తిప్పి చూడండి. పాకాల నారాయణస్వామి కేసు. మన దేశంలో లా చదివినవాళ్ళలో ఈ పేరు వినని వాళ్ళుండరు. అయితే వాళ్ళకది పరీక్షలో పడే ప్రశ్న, అంతే. అందులో మనుషులు తెలుగువాళ్ళనీ, చచ్చిపోయినాయన తన ఆఖరి ప్రయాణంలో విజయనగరం, ఆమదాలవలస, పలాస మీదుగానే వెళ్ళాడనీ శ్రీకాకుళంలో కూడా ఎవరికీ తట్టదు.

కథ పిఠాపురంలో మొదలవుతుంది. నూకరాజు అనే ఆయన పిఠాపురం దివాను గారి దగ్గర బంట్రోతుగా చేసినవాడు. వయసు నలభై దగ్గర. దివాను గారి కూతుళ్ళలో ఒకామె నారాయణస్వామి భార్య. 1933 ప్రాంతంలో ఆ దంపతులు పిఠాపురం వచ్చి ఓ నాలుగేళ్ళు ఉన్నారు. చేతిలో డబ్బాడలేదు. 1936లో ఆమె నూకరాజు దగ్గర కొంచెం కొంచెంగా అప్పు పుచ్చుకుంటూ పోయింది. మొత్తం 3000 రూపాయలయింది. వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే మన లెక్కలో నూటికి రూపాయిన్నర. దివాను కూతురు బంట్రోతు ముందు చెయ్యి చాచడం ఒక వింత, 1936లో ఓ బంట్రోతు దగ్గర మూడు వేలుండడం ఇంకో వింత. ఆమె సంతకాలున్న చీటీలూ ఉత్తరాలూ ఓ యాభై దాకా తర్వాత నూకరాజు ఇంట్లో దొరికాయి. ఒక్క కాగితం పారెయ్యలేదు, జాగ్రత్తపరుడు.

1937 మార్చి 20, శనివారం నాడు నూకరాజుకి ఓ ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. ఇవాళో రేపో బరంపురం రమ్మని దాని సారాంశం. అప్పటికి ఆ దంపతులు బరంపురంలో ఉంటున్నారు. నూకరాజు ఉత్తరం పెళ్ళానికి చూపించి, బాకీ తీరుస్తాం వచ్చి పట్టుకెళ్ళమని ఆవిడ రాసింది, వెళ్తున్నానని చెప్పాడు. మర్నాడు ఆదివారం, రైలు వేళకి ఇల్లు కదిలాడు.

పిఠాపురం నుంచి వాల్తేరు దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అక్కణ్ణించి పైకి బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడ, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం. ఆ తర్వాత కాసేపటికే బరంపురం. ఇవాళ్టికీ అదే దారి. వసూలవుతుందో లేదో తెలియని బాకీ కోసం మనం ఎక్కే రైలూ అదే.

మంగళవారం, మార్చి 23. పూరీ స్టేషన్‌లో మూడో తరగతి పెట్టెలో ఓ స్టీలు ట్రంకు మిగిలిపోయింది. ఎవరిదని అడిగితే పలికినవాడు లేడు. తెరిచారు. లోపల ఏడు ముక్కలుగా నూకరాజు.

ఎవరి శవమో తేలడానికి కొన్ని రోజులు పట్టింది. గుర్తుపట్టింది భార్యే. ఏప్రిల్ 4న పోలీసులు బరంపురంలో నారాయణస్వామి ఇంటికి వెళ్ళారు. నూకరాజు 21వ తేదీ సాయంత్రం వచ్చాడనీ, బయటి గదిలో పడుకున్నాడనీ, మర్నాడు సాయంత్రం పాసింజరు ఎక్కి వెళ్ళిపోయాడనీ ఆయన చెప్పాడు. ఈలోగా పోలీసులు ట్రంకు వెంట పడ్డారు. బరంపురంలోనే ఓ దుకాణంలో ఓ చాకలి ఆ ట్రంకు కొన్నాడని ప్రాసిక్యూషన్ సాక్ష్యం. ఆ ఇంటినుంచి స్టేషన్‌కి దాన్ని జట్కాలో తోలుకెళ్ళారని ఇంకో సాక్ష్యం. నాకు ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నది ఏడు ముక్కలన్న చోట కాదు, ఇక్కడ. చాకలి, జట్కా, కొత్త ట్రంకు, టిక్కెట్టు. పెళ్ళివారు సారె పంపినట్టే పంపారు.

సెషన్స్ కోర్టు మిగతా ముద్దాయిలను వదిలేసి నారాయణస్వామికి ఉరిశిక్ష వేసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, అంతవరకు మద్రాసులో ఉన్న బరంపురం అటు వెళ్ళింది. హైకోర్టు మాత్రం కొత్త రాష్ట్రానికి ఇంకా లేదు. కటక్‌లో హైకోర్టు పెట్టింది 1948లో. అందుకని తెలుగువాళ్ళ మధ్య నడిచిన కేసు అప్పీలుకు పట్నా వెళ్ళింది, అక్కణ్ణించి ఆఖరి అప్పీలుకు లండన్. 1939 జనవరి 19న ప్రివీ కౌన్సిల్ తరఫున లార్డ్ అట్కిన్ తీర్పు చదివాడు.

ఇల్లు కదిలేముందు పెళ్ళాంతో అన్న ఆ మాట ఉంది చూడండి, ఈ తీర్పుకి అంత పేరు దానివల్లే వచ్చింది. మరణ వాంగ్మూలం అంటే మన ఊహలో ఆస్పత్రి మంచం, పక్కన మేజిస్ట్రేటు, ఆఖరి ఊపిరి. ఇంగ్లండు చట్టంలో అంతే, చావు తప్పదని తెలిసి చెప్పిన మాటకే విలువ. భారత సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌కి ఆ నిబంధన లేదని అట్కిన్ తేల్చాడు. చావుకి దారితీసిన పరిస్థితుల గురించి మనిషి ఎప్పుడు చెప్పినా సరే, అప్పటికి చావు భయం ఏమీ లేకపోయినా సరే, అది సాక్ష్యమే. ఊరెళ్తూ గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ళతో అనే మామూలు మాట కూడా మరణ వాంగ్మూలం కాగలదన్నమాట. పగలు క్లాసులో వింటే ఇది సూత్రం. రాత్రి పదకొండింటికి ఒంటరిగా చదివితే, పొద్దున్న మనం బయల్దేరుతూ ఇంట్లో ఏమని చెప్పామో గుర్తుచేసుకోవలసి వస్తుంది.

అదే తీర్పులో రెండో సూత్రం, పోలీసులకు నారాయణస్వామి చెప్పిన మాటను సాక్ష్యంగా వాడకూడదని. ఆయన పరిచయాన్ని, రాకను ఒప్పుకున్నాడు గానీ నేరాన్ని ఒప్పుకోలేదు. తప్పించుకునే మాట కలిసిన వాంగ్మూలం నేరాంగీకారం కాదన్నాడు అట్కిన్. లా కాలేజీల్లో ఈ రెండు సూత్రాలే అడుగుతారు. నూకరాజు పెళ్ళానికి ఆ మూడు వేలు తిరిగొచ్చాయో లేదో సిలబస్‌లో లేదు. 2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం పేరూ నెంబర్లూ మారిపోయి, 32వ సెక్షన్ భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 26వది అయింది. కేసు పేరు మాత్రం మారలేదు.

✦

ఈ అట్కిన్ మామూలు జడ్జీ కాదు. అల్లం సోడా సీసాలో నత్త పడిందని ఓ స్కాట్లండ్ మహిళ వేసిన దావాలో 1932లో తీర్పు చెప్పింది ఆయనే. సరుకు తయారుచేసేవాడు దాన్ని తాగేవాడికి కూడా జవాబుదారీయే అన్న సూత్రం అందులోంచే వచ్చింది. ఆ నత్త కేసూ మన ట్రంకు కేసూ లా విద్యార్థుల నోట్సుల్లో ఇవాళ్టికీ పక్కపక్కనే ఉంటాయి.

✦

1872లో మన సాక్ష్య చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ సంగతి ఇంకా చిత్రం. నేరాంగీకారానికి ఆయన తన సొంత పుస్తకంలో ఇచ్చిన నిర్వచనాన్నే అట్కిన్ ఈ కేసులో పక్కన పెట్టేశాడు. స్టీఫెన్ నవలా రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్‌కి పెదనాన్న. భారతదేశం నుంచి వెళ్ళాక జడ్జీ అయి, 1889లో లివర్‌పూల్‌లో ఫ్లోరెన్స్ మేబ్రిక్ కేసు విచారించాడు, మొగుడికి పాషాణం పెట్టి చంపిందన్న అభియోగం. తర్వాత వందేళ్ళు దాటాక ఓ డైరీ బయటపడింది. ఆ చచ్చిపోయిన మొగుడే జాక్ ది రిప్పరని దాని గోల, 1993లో పుస్తకంగా వచ్చింది. నమ్మినవాళ్ళకంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. ఇంతటితో అయిందా అంటే లేదు. జాక్ ది రిప్పర్ ఇతనే కావచ్చని 1972లో ఇంకో రచయిత వేలెత్తి చూపిన మనిషి జె.కె. స్టీఫెన్. ఆయన ఎవరనుకున్నారు, మన సాక్ష్య చట్టం రాసినాయన కొడుకు! ఆధారం అక్కడా సున్నా. రిప్పర్ పుస్తకాలు రాసేవాళ్ళ చేతిలో ఎవరి కుటుంబమూ క్షేమం కాదు.

✦

ట్రంకు, రైలు: ఈ జోడీ మన ఒక్కళ్ళ సొత్తు కాదు. 1931లో అమెరికాలో ఫీనిక్స్ నుంచి లాస్ ఏంజెలస్‌కి విన్నీ రూత్ జడ్ తీసుకెళ్ళిన ట్రంకుల్లో ఇద్దరు స్నేహితురాళ్ళ శవాలున్నాయి. 1934 జూన్‌లో ఇంగ్లండ్‌లో బ్రైటన్ స్టేషన్ సామాన్ల గదిలో వాసన వస్తోందని ఓ పెట్టె తెరిస్తే ఆడమనిషి మొండెం. ఆమె ఎవరో ఇవాళ్టికీ తెలియదు. ఆ కేసు కోసం ఇల్లిల్లూ వెతుకుతుంటే, దానితో సంబంధమే లేని ఇంకో ట్రంకులో ఇంకో శవం దొరికింది! ఆ రెండో కేసులో ముద్దాయిని కోర్టు వదిలేసింది. నలభై ఏళ్ళు దాటాక, 1976లో, చంపింది నేనేనని ఆయనే పత్రికకు చెప్పుకున్నాడు.

మనకు దగ్గర్లో అయితే 1952 ఆగస్టు నాటి మద్రాసు ఆళవందార్ కేసు. పెన్నుల దుకాణం దగ్గర వ్యాపారం చేసుకునే మనిషి కనబడకుండా పోయాడు. సిలోను బోట్ మెయిల్లో ఓ ట్రంకు మానామదురై దగ్గర తెరిచారు. తల అందులో లేదు, రాయపురం సముద్రపు ఒడ్డున ఇసకలో దొరికింది. పూరీ ట్రంకుకీ దీనికీ మధ్య పదిహేనేళ్ళు. పంపినవాళ్ళ లెక్క మాత్రం ఒకటే: రద్దీ ఉన్న బండిలో సామాను మీద ఎవరి పేరూ ఉండదు, దూరం వెళ్ళేకొద్దీ ఊరు తప్పిపోతుంది. వాళ్ళు మర్చిపోయింది వాసనని, పెట్టె అమ్మిన దుకాణదారుని.

✦

తెలుగులో అన్నిటికంటే పేరున్న హత్య కేసులో హత్యే జరగలేదు. అది మన విజయనగరం సరుకు. 1892లో తొలిసారి రంగం మీదికెక్కి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ వారు మళ్ళీ పెంచి రాసిన కన్యాశుల్కం చూసి మనం గిరీశం డాబులకి నవ్వుకుంటాం, మధురవాణికి మురిసిపోతాం. కథ నడుముకి ఓ హత్యాభియోగం ఉందన్న సంగతి వదిలేస్తాం. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పెళ్ళాడిన పిల్ల రాత్రికి రాత్రి మాయమైంది. అసలు పిల్లే కాదు, ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడు. అది అవధాన్లుకి తెలియదు. శవం లేదు, రక్తం లేదు, ఆయుధం లేదు. అయినా పెళ్ళికూతుర్ని చంపేశాడని కేసు తయారైపోయింది. పోలీసులకి అది పంట. ముసలాడి గుండె జారిపోయింది.

అప్పుడు పూజారి గవరయ్య దిగుతాడు. వచ్చింది పెళ్ళికూతురు కాదు, కామినీ పిశాచమంటాడు. పట్టి సీసాలో బిగించానంటాడు. ఒకే ఒక మాయం కావడం, దానికి రెండు వివరణలు. ఠాణా చేతిలో హత్య, మంత్రగాడి చేతిలో దెయ్యం. రెండూ డబ్బులొచ్చేవే. చదువుకున్నవాళ్ళు దెయ్యం మాటకి నవ్వుతారు గానీ ఆ ముసలాడి స్థానంలో ఉండి చూస్తే దెయ్యమే నయం. సీసాకి మూత ఉంది. ఠాణా కాగితానికి లేదు.

నిజంగా జరిగిన నేరం పుస్తకం రాత్రిపూట దెయ్యాల నవల కంటే ఎక్కువ పీడించడానికి నాకు కనిపించే కారణం ఇదే. యండమూరి తులసిదళం వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో జనం చీకటి పడితే పెరట్లోకి వెళ్ళడానికి జంకారు, నిజమే. కానీ దానికి విరుగుడు ఆ కథలోనే ఉంది. నూకరాజుకొచ్చిన సంతకం లేని ఉత్తరానికి ఏ తాయెత్తు కడతాం?

✦

దెయ్యానికైతే తలుపు మీద రాత చాలు. 1990లలో తెలుగు పల్లెల్లో గోడగోడకీ "ఓ స్త్రీ రేపు రా" అని సున్నంతో, బొగ్గుతో రాసుకున్నారు. అక్షరాలొచ్చిన దెయ్యం గనక చదువుకుని వెనక్కి పోతుంది, మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుతుంది. కర్ణాటకలో కూడా ఇదే మాట కన్నడంలో రాశారు. ఆడదెయ్యానికి రెండు భాషలొచ్చు.

అది పాతకాలం అనుకుంటే, 2022 ఏప్రిల్ నాటి మాట ఒకటి. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో నెల తిరక్కుండా వరసగా నలుగురు చనిపోయారు. ఊరికి దుష్టశక్తి పట్టిందని నమ్మి, పూజారుల సలహా మీద జనం ఊరు మూసేసుకున్నారు. కరోనా నేర్పిన లాక్‌డౌన్ అన్నమాట, ఈసారి దెయ్యానికి. దారులకు అడ్డం కట్టారు, బడికి పంతుళ్ళను రానివ్వలేదు. చివరికి పోలీసులు వెళ్ళి నచ్చజెప్పాల్సొచ్చింది. నవ్వులాటగా ఉంటుంది గానీ ఏజెన్సీ వైపు ఈ నమ్మకానికి ఇంకో మొహం ఉంది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టాడన్న అనుమానం మీద పక్కింటివాణ్ణే చంపిన కేసులు మన్యంలోని ఠాణాల రికార్డుల్లో ఉన్నాయి. దెయ్యం భయం ముదిరి నిజమైన నేరం కావడానికి మధ్యలో ఒక్క మనిషి వేలెత్తి చూపిస్తే చాలు.

✦

అప్పు, చావు. నూకరాజు కథలో ఉన్న ఈ రెండే కాళీపట్నం రామారావు మాస్టారి యజ్ఞంలోనూ ఉన్నాయి. ఏళ్ళనాటి బాకీకి తన కొడుకు కూడా పాలేరు కావలసివస్తుందని తండ్రే ఆ పసివాణ్ణి చంపుకోవడం ఆ కథ ముగింపు. కల్పన. అయినా ఆ ఆఖరి పేజీ చదివిన రాత్రి ఎవరికైనా నిద్ర పట్టిందంటే నేను నమ్మను. మాస్టారు 1924లో మురపాకలో పుట్టి, 2021 జూన్‌లో శ్రీకాకుళంలో పోయారు. 1997 ఫిబ్రవరి 22న ఆయన శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం తెలుగు కథకి ఒక్కదానికే కట్టిన గ్రంథాలయం. ఎప్పుడో ఆగిపోయిన పాత పత్రికల్లో కథలు దొరికేది అక్కడే.

శ్రీకాకుళంలోనే 1922లో పుట్టిన రావిశాస్త్రి విశాఖలో ప్లీడరు. నేరం గురించి తెలుగులో అంత దగ్గరగా రాసినవాళ్ళు లేరు. ఆరు సారా కథల్లో నేరస్థుడెవరు, పోలీసెవరు, సాక్షి ఎవరు అని విడదీయబోతే దారం చిక్కుపడుతుంది. భయం మాత్రం వెయ్యదు. నవ్వొస్తుంది, తర్వాత సిగ్గేస్తుంది.

✦

నేరస్థుడు తన కథ తానే రాసుకుంటే అచ్చువెయ్యొచ్చా? ఈ ప్రశ్నకి మన దేశంలో జవాబు చెప్పింది తెలుగు జడ్జీ. మద్రాసులో ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ జైల్లో కూర్చుని 300 పేజీల జీవిత కథ రాశాడు. తనతో చేతులు కలిపిన పోలీసు, జైలు అధికారుల గుట్టు అందులో ఉందన్నారు. నక్కీరన్ పత్రిక సీరియల్‌గా వేస్తామని ప్రకటించగానే జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ నుంచి వెయ్యొద్దని ఉత్తరం. 1994 అక్టోబర్ 7న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు దానికి అడ్డుకట్ట వేసింది. కోర్టు రికార్డుల్లో ఉన్న సంగతిని ఎవరి అనుమతీ లేకుండా అచ్చువేసుకోవచ్చు. పరువు పోతుందని అధికారులు ముందుగానే అచ్చు ఆపలేరు, పోయాక దావా వేసుకోవాలి. రికార్డులో ఉన్నది దాటి ఒకరి సొంత జీవితంలోకి దూరితే మాత్రం అనుమతి కావాలి. అత్యాచారం లాంటి నేరాలకు బలైన ఆడవాళ్ళ పేర్లు రికార్డులో ఉన్నా వెయ్యకూడదు. మన దేశంలో నేరాల మీద పుస్తకం రాసే ప్రతివాడూ ఈ గీత మీదే నడవాలి. ఆటో శంకర్‌ని 1995 ఏప్రిల్‌లో సేలం జైల్లో ఉరితీశారు.

✦

ఇంగ్లీషువాళ్ళకి నేరకథల రుచి చూపించినవాటిలో మన దక్కనూ ఉంది. కుర్రతనంలోనే నిజాం సైన్యంలో చేరిన మెడోస్ టేలర్, దొంగల ముఠాల వాంగ్మూలాలు విని 1839లో ఓ థగ్గు నోట చెప్పించినట్టు నవల రాశాడు. అందులో అమీర్ అలీ హైదరాబాద్ వీధుల్లో కూడా తిరుగుతాడు. విక్టోరియా రాణి అచ్చయ్యేదాకా ఆగలేక ప్రూఫు కాగితాలే తెప్పించుకుని చదివిందని చెబుతారు.

✦

నిద్ర చెడగొట్టుకుని ఈ నేరాల పుస్తకాలు చదివేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువనుకుంటాం. కాదట. అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ 2010లో అచ్చువేసిన పరిశోధనలో, యుద్ధం పుస్తకం, నిజ హత్యల పుస్తకం ముందుపెట్టి ఏది కావాలంటే ఆడవాళ్ళు రెండోదానికే మొగ్గారు. అందులోనూ బాధితురాలు ఎలా తప్పించుకుందో చెప్పే పుస్తకమంటే మరీ. దడుచుకోవడానికి కాదు, దాటుకోవడానికి చదువుతారన్నది వాళ్ళ ఊహ. సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా సైకిలు మీద ఇంటికొచ్చిన ఆడపిల్లలెవరినైనా అడగండి, ఒప్పుకుంటారు.

ఒళ్ళు గగుర్పొడవడమంటే ప్రతి వెంట్రుక కుదుట్లోనూ ఉండే సన్నటి కండ బిగుసుకోవడం. బొచ్చున్న జంతువుకైతే అది పనికొస్తుంది, పెద్దదిగా కనబడి శత్రువుని బెదిరిస్తుంది. మనకి బొచ్చు పోయింది, కండ మిగిలింది. గుండె దడ ఎడ్రినలిన్ పని. పుస్తకంలో కత్తి కాగితం మీదిదేనని మెదడుకి తెలిసినా ఒంటికి కబురు ఆలస్యంగా అందుతుంది. నిద్రలోకి జారుతుండగా మెట్టు తప్పినట్టు ఒక్కసారి ఉలిక్కిపడడం కూడా జబ్బు కాదు, కండరాలు వదులయ్యేటప్పుడు దాదాపు అందరికీ అయ్యేదే.

ఇక చప్పుళ్ళు. పెంకుటింట్లో పగలంతా ఎండకి సాగిన వాసాలూ దూలాలూ అర్ధరాత్రి చల్లబడుతూ టప్పుమంటాయి. రేకుల ఇంట్లో మరీను. పగలు కూడా అవి మాట్లాడుతూనే ఉంటాయి, మనకి టీవీ అడ్డం. "ఏటీ సప్పుడు?" అని పక్కగదిలోంచి అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటే భయం సగానికి తగ్గుతుంది. లేనివాళ్ళకి ఓ చిట్కా: ఆఖరి పేజీలు ముందు చదివెయ్యడం. ముగింపు తెలిస్తే మజా పోతుందంటారు గానీ 2011లో కాలిఫోర్నియాలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ పన్నెండు కథలతో పరీక్షించి చూస్తే, ముగింపు ముందే చెప్పేసిన కథలే పాఠకులకి ఇంకొంచెం ఎక్కువ నచ్చాయి.

✦

దొరకని హంతకుణ్ణి వెతుకుతూ నిద్ర మానుకున్న రచయిత్రి మిషెల్ మెక్‌నమారా. కూతుర్ని పడుకోబెట్టాక ల్యాప్‌టాప్ తెరిచి, కాలిఫోర్నియాని ఏళ్ళ తరబడి వణికించిన ఓ నేరస్థుడి వెంట పడింది. 2016లో నిద్రలోనే చనిపోయింది. మిగిలిన పుస్తకాన్ని సహచరులు పూర్తిచేస్తే 2018 ఫిబ్రవరిలో వచ్చింది. ఏప్రిల్‌లో వాడు దొరికాడు. పట్టిచ్చింది వంశవృక్షాల వెబ్‌సైటులో ఎవరో దూరపు బంధువులు పెట్టుకున్న డీఎన్ఏ. వాడు మాజీ పోలీసు.

వేలిముద్రల విషయంలో తొలి అడుగు మనది. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో వెలిసింది. హెన్రీ పద్ధతి అని పోలీసు దొర పేరు పెట్టారు గానీ లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. జల్పాయిగురి తేయాకు తోట మేనేజరు హత్యలో ఓ బెంగాలీ పంచాంగం మీద మరకగా మిగిలిన బొటనవేలి ముద్ర పాత నౌకరుదని తేలింది. 1898లో కోర్టు దొంగతనం వరకు ఒప్పుకుని, వేలిముద్ర ఒక్కదాన్నే నమ్ముకుని హత్య నేరం మోపడానికి మాత్రం వెనకాడింది.

డీఎన్ఏ విషయంలో హైదరాబాద్‌ది పెద్ద చెయ్యి. సీసీఎంబీలో లాల్జీ సింగ్ తయారుచేసిన, డీఎన్ఏని గుర్తుపట్టే ప్రోబు మన కోర్టుల్లో పితృత్వం కేసుల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా నడిచింది. దాని పేరు బీకేఎం. అది పుట్టింది పాములోంచి. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము డీఎన్ఏలో లాల్జీ సింగ్‌కి దొరికిన వరసే ఆ ప్రోబుకి మూలం.

ఆ పాము మనిషి జోలికి పెద్దగా రాదు. దాని చుట్టం, నలుపు మీద సన్నటి తెల్ల గీతలుండే మామూలు కట్లపాము అలా కాదు. రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి చేరుతుంది, కరిచినా నొప్పి తెలియదు. నిద్రలో కాటుపడి, తెల్లారేసరికి కళ్ళు మూతలు పడిపోతూ మాట ముద్దగా వచ్చే స్థితిలో ఆస్పత్రికి వచ్చేవాళ్ళు ఎక్కువగా దీని బాధితులే. విరుగుడు మందు పనిచేస్తుంది, తొందరగా వెళ్ళాలి. అర్ధరాత్రి దాటాక పుస్తకం మూసి తలుపు గడియ మూడుసార్లు చూసుకునేవాళ్ళు ఆ చేత్తోనే దుప్పటి దులిపి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే మంచిది. నేల మీద చాప వేసుకునే అలవాటుంటే వర్షాకాలంలో మంచం ఎక్కండి.